ఇచ్చి తెచ్చుకున్నది

టొరంటోలో స్థిరపడిన మా ఇంటిల్లిపాదికీ రాప్టర్స్ బాస్కెట్‌బాల్ జట్టంటే ప్రాణము. ఆ జట్టు 2016 నుండి వరుసగా మూడేళ్లు క్లీవ్‌లాండ్ చేతిలోనే ఓడి ఇంటిదారి పట్టింది. 2018 జూలైలో యాజమాన్యము గుండె రాయి చేసుకొని డెరోజన్‌ను, మరొకరిని శాన్ ఆంటోనియో జట్టుకిచ్చి, కవాయ్ లెనార్డ్‌ను, డానీ గ్రీన్‌ను తెచ్చుకున్నది.

డెరోజన్ తొమ్మిదేళ్లు మాతో నిలిచినవాడు. 2016లో వేరే జట్టుకు పోగల వీలుండీ పోలేదు. లెనార్డ్ గాయము వలన ముందు సీజనులో 9 ఆటలే ఆడాడు. పైగా ఏడాదికే వెళ్లిపోగలడు. ఏళ్ల తరబడి అరక లాగిన ఇంటి ఎద్దును సంతకు తోలినట్లు బాధపడ్డాము.

2019 జూన్‌లో లెనార్డ్ ముందు నిలిచి జట్టుకు మొదటి ఛాంపియన్‌షిప్ తెచ్చిపెట్టాడు, జూలైలో వెళ్లిపోయాడు. మేమెంతో సంతోషించాము. అయితే ప్రియ పాఠకులారా, గెలిపించినవానికి చప్పట్లు కొట్టేటప్పుడు, గెలవని రోజులలో విడువక నిలిచినవానిని మరువరాదు.