నడుమ పెద్ద చిల్లు

తెనాలి నుంచి జెర్సీ సిటీకి వచ్చిన మూడో రోజు మధ్యాహ్నం మా బాబాయి నిద్ర పట్టక నా పుస్తకాల అర సర్దడం మొదలుపెట్టాడు. సర్దుతూ సర్దుతూ ఒక రికార్డు బయటికి తీసి, దాని నడుమనున్న చిల్లులోంచి నావైపు చూశాడు.

"ఏరా, ఇది రికార్డా, గారెనా?"

ఆ మాట అనడంలో తప్పేం లేదు. ఆయన ఎరిగిన రికార్డులకు నడుమ పెన్సిలు దూరేంత చిల్లు ఉండేది. దీనికి రెండు వేళ్లు దూర్చినా ఇంకా చోటు మిగులుతుంది. ఏడంగుళాల బిళ్లకు అంగుళంన్నర చిల్లు! ఆర్సీఏ విక్టర్ కంపెనీ 1949లో నిమిషానికి 45 చుట్లు తిరిగే రికార్డును తెచ్చినప్పుడు, ఒక పాట అయిపోగానే మరో రికార్డును కిందికి జారవిడిచే ఏర్పాటంతా ఇరుసులోనే ఇమిడ్చింది. ఇరుసు లావెక్కితే చిల్లూ పెద్దదవక తప్పదు కదా. ఇప్పటి ప్లేయర్లలో ఆ ఇరుసు లేదు. అందుకని నడుమ ఒక పసుపుపచ్చ ప్లాస్టిక్ బిళ్ల ఇరికిస్తాం. బాబాయి దాన్ని అటూ ఇటూ తిప్పి, "మనవాడి బొమ్మ కారు చక్రం ఊడిందేమో అనుకున్నా" అన్నాడు.

ఆ విక్టర్ కంపెనీ ఈ న్యూజెర్సీలోదే, కామ్డెన్‌లో ఉండేది. గ్రామఫోను బాకా ముందు చెవి రిక్కించి కూర్చున్న కుక్కను మనం హెచ్.ఎమ్.వి. కుక్క అంటాం గానీ, ఇక్కడ అది కామ్డెన్ కుక్క. ఇటు ఎడిసన్ ఊరికొస్తే, మనవాళ్లు ఓక్ ట్రీ రోడ్డులో గోంగూర కొనుక్కుని కార్లో పడేసుకుంటారే, 1877లో ఎడిసన్ మొట్టమొదటి ఫోనోగ్రాఫు తయారుచేసిన మెన్లో పార్కు ఆ ఊళ్లోనే. గోంగూర దొరికే చోటు మాత్రం మనలో అందరికీ తెలుసు.

రికార్డు మీద ఉన్న పేరు కూల్ అండ్ ద గ్యాంగ్. పాట సెలబ్రేషన్. మన ఓణీల ఫంక్షన్లలో, మొదటి పుట్టినరోజుల్లో కేకు కోయగానే డీజే వేసే పాట అదే. పదకొండేళ్లుగా దానికి చేతులూపుతూనే ఉన్నాను. ఆ పాట కట్టిన కుర్రాళ్లు చదివిన లింకన్ హైస్కూలు జర్నల్ స్క్వేర్‌లోని మా ఇంటికి రెండు మైళ్లు కూడా ఉండదని నాకు తెలిస్తే ఒట్టు. ఒక ఆదివారం పేవ్‌మెంటు మీద పాత సామాను అమ్ముకుంటున్న పెద్దావిడ రెండు డాలర్లు పుచ్చుకుని రికార్డు చేతికిస్తూ, వీళ్లు మా వాళ్లే, మా ఊరి పిల్లలే అంది. వాళ్లకు అప్పటికే డెబ్బై దాటాయి. ఆవిడకు మాత్రం పిల్లలే.

ఆ గ్యాంగులోని బెల్ అన్నదమ్ములు రాబర్ట్, రొనాల్డ్ ఒహాయో రాష్ట్రంలోని యంగ్స్‌టౌన్ నుంచి ఈ ఊరికి వచ్చారు. డ్రమ్ములు కొనే స్తోమత లేక చిన్నప్పుడు పారేసిన పెయింటు డబ్బాల మీద దరువు నేర్చుకున్నారట. అడుగున మిగిలిన రంగును బట్టి ఒక్కో డబ్బాది ఒక్కో నాదం.

"జలతరంగమే కదరా! నీళ్ల బదులు పెయింటు."

1964లో బడి స్నేహితులతో కలిసి జాజియాక్స్ అని పేరు పెట్టుకుని జాజ్ వాయించారు. ఆ తర్వాత పేర్లు మారుతూ పోయాయి. రాబర్ట్ ముద్దుపేరు కూల్ కనుక కూల్ అండ్ ద ఫ్లేమ్స్ అన్నారు. అప్పటికే జేమ్స్ బ్రౌన్ దగ్గర ఫేమస్ ఫ్లేమ్స్ ఉన్నారు, గొడవెందుకని ఫ్లేమ్స్ తీసి గ్యాంగ్ పెట్టారు. 1969లో డీ-లైట్ కంపెనీ మీద వచ్చిన మొదటి సింగిల్‌కు తమ పేరే పెట్టుకున్నారు.

"సింగిల్ అంటే సింగిల్ టీ లాంటిదా?"

దాదాపు అంతే. ఒక్క పాట కోసం కొనుక్కునే రికార్డు. కాకపోతే ఆ ఒక్కదానికీ రెండు పక్కలుంటాయి. అసలు సరుకు ముందు పక్కన, మిగిలింది వెనక పక్కన. ఒక్కో పక్కన మూడు, మహా అయితే నాలుగైదు నిమిషాలు. వీళ్లేమో జాజ్ వాసన పోని వాళ్లు. మొదలుపెడితే ఆపడం చేతకాదు. 'హూజ్ గొన్నా టేక్ ద వెయిట్' అన్న పాట ఒక పక్కన పట్టక మొదటి భాగం ముందు, రెండో భాగం వెనక వేసి అమ్మారు. ఇది చెప్పగానే బాబాయి మంచం మీద లేచి కూర్చున్నాడు. వాళ్ల నాన్న దగ్గర పౌరాణిక నాటకాల రికార్డులు ఉండేవట. రాగం మంచి పాకంలో ఉండగా ముల్లు చివరికొచ్చేది, ఎవరో ఒకరు లేచి రికార్డు తిరగేసేదాకా శ్రీకృష్ణుడు నోరు తెరుచుకునే ఉండేవాడట.

1973లో వచ్చిన ఒకే ఆల్బం నుంచి మూడు పాటలు తగిలాయి. వాటిలో జంగిల్ బూగీ అమెరికా పాటల పట్టికలో నాలుగో స్థానం దాకా, హాలీవుడ్ స్వింగింగ్ ఆరో స్థానం దాకా ఎక్కాయి. తర్వాత డిస్కో ఊపులో కొన్నేళ్లు వీళ్ల ఊసు తగ్గింది. 1979లో జె.టి. టేలర్ అనే గాయకుణ్ణి తెచ్చుకున్నారు, బ్రెజిల్ నుంచి వచ్చిన దియొదాతో చేతికి రికార్డింగు పని అప్పజెప్పారు. అంతకుముందు గుంపుగా కేకలేసే పాట కాస్తా నున్నగా, తీయగా తయారైంది. లేడీస్ నైట్, జొఆనా, చెరిష్, అన్నీ హిట్లే. నన్నడిగితే టేలర్ రాకముందు వాయించినవే వినాలంటాను. ఇంటద్దె కట్టినవి మాత్రం ఆ తర్వాతివి. సమ్మర్ మ్యాడ్‌నెస్ అని పాడని పాట ఒకటి ఉంది, ఎండాకాలం డాబా మీద పడుకున్నట్టు ఉంటుంది. 1975లో దాన్ని ఒక సింగిల్‌కు వెనక పక్కన వేశారు. ఇరవయ్యేళ్లు తిరగకుండానే ర్యాప్ కుర్రాళ్లు దాన్ని ముక్కలు కోసి తమ పాటల్లో అతికించుకున్నారు. ముందు పక్కన ఉన్న స్పిరిట్ ఆఫ్ ద బూగీని ఇప్పుడు అడిగేవాళ్లు తక్కువ.

సెలబ్రేషన్ 1980లో వచ్చింది. ఖురాన్‌లో దేవుడు ఆదామును సృష్టించినప్పుడు దేవదూతలు కీర్తించే చోటు చదువుతుంటే తట్టిందని రొనాల్డ్ చెప్పేవాడు. మన డీజేకు ఈ సంగతి తెలిస్తే వాల్యూము తగ్గిస్తాడో పెంచుతాడో! ఇరాన్‌లో 444 రోజులు బందీలుగా ఉన్న అమెరికన్లు 1981 జనవరిలో విడుదలై ఇంటికొచ్చినప్పుడు ఎక్కడ చూసినా ఇదే మోగింది. మరుసటి నెలలో పట్టికలో మొదటి స్థానానికెక్కింది. అన్నేళ్ల వాయింపులో వాళ్లకు దక్కిన మొదటి స్థానం ఆ ఒక్కటే.

2024లో క్లీవ్‌లాండ్‌లోని రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్లు వీళ్లను చేర్చుకున్నారు. వీళ్లు వాయించింది రాకేనా అని నన్నడక్కండి. అప్పటికి 2020లో రొనాల్డ్, 2021లో శాక్సఫోను డెన్నిస్ థామస్, 2023లో డ్రమ్ముల జార్జ్ బ్రౌన్ వెళ్లిపోయారు. లింకన్ హైస్కూలు నాటి కుర్రాళ్లలో మిగిలింది రాబర్ట్ ఒక్కడే.

నేను పసుపు బిళ్ల ఇరికించి, 45 మీద పెట్టి, ముల్లు దించాను. చిటపటలు వినిపించి పాట మొదలైంది. బాబాయి కాలు ఆడించాడు గానీ మొహంలో పెద్ద ఆశ్చర్యమేమీ లేదు.

"ఇది మన సుబ్బారావు మనవరాలి ఓణీల ఫంక్షన్లో విన్నానుగా" అన్నాడు. పాట అయిపోయింది. ముల్లు చివరి గాడిలో టిక్కుటిక్కుమంటోంది. నేను చెయ్యి చాపేలోపే ఆయన లేచి, అంచులు మాత్రమే తగిలేట్టు రెండు అరచేతుల నడుమ పట్టుకుని రికార్డు తిరగేశాడు. కళ్లజోడు పైకెత్తి వెనక పక్క పేరు కూడబలుక్కుని చదివాడు.

"మార్నింగ్ స్టార్. అంటే వేగుచుక్క. ఉండు, ఇదీ విందాం."