కోట లేని కోటగుమ్మం

మా రాజమండ్రిలో కొత్తవారికి దారి చెప్పడం బహు సుళువు. అది వారికి అర్థం కావడమే కష్టం. "కోటగుమ్మం దాకా వెళ్లి అక్కడ ఎవర్నైనా అడగండి" అంటాం. పాపం, ఆ పెద్దమనిషి వెళ్లి కోట కోసమూ గుమ్మం కోసమూ నాలుగు వైపులా చూస్తాడు. కోట పోయి ఎన్ని తరాలయిందో! గుమ్మం మాత్రం మా నాలుకల మీద నిలిచిపోయింది. సరిగ్గా అక్కడే నుంచుని, చేతిలో రోజ్‌మిల్క్ గ్లాసుతో, "కోటగుమ్మం ఎక్కడండీ?" అని అడిగినవారిని నేనెరుగుదును. ఇన్నీసుపేటలో ఇన్నీసు దొర లేడు. అయినా ఆ పేర్లన్నీ మాకు ఉన్నట్టే లెక్క.

ఊరి పేరు సంగతీ అంతే. రాజరాజ నరేంద్రుడు ఏలిన రాజమహేంద్రవరం జనం నోట్లో అరిగి అరిగి రాజమండ్రి అయింది. 2015లో ప్రభుత్వంవారు మళ్లీ పాత పేరే ఖాయం చేశారు. బోర్డులు మారాయి, రబ్బరు ముద్రలు మారాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు తూర్పు గోదావరికి మా ఊరే ముఖ్యపట్టణం కూడా అయింది. ఇంత గౌరవం దక్కినా బస్సు కండక్టరు మాత్రం "రాజమండ్రీ, రాజమండ్రీ" అనే కేకేస్తున్నాడు. మేమూ ఆ కేకకే దిగుతున్నాం.

మాలో పెద్దవాళ్లు వయస్సుని పుష్కరాల్లో లెక్కపెట్టుకుంటారు. పన్నెండేళ్లకొకసారి గోదావరికి పుష్కరాలు వస్తాయి గదా. నాకు ఊహ తెలిశాక చూసినవి 5. 1967, 1979, 1991, 2003, 2015. మొదటిదానికి మా నాన్నగారి వేలు పట్టుకుని రేవుకి వెళ్లాను. ఆఖరిదానికి మా మనవడు నా వేలు పట్టుకుని వచ్చాడు. నిజం చెప్పాలంటే అప్పటికి ఎవరి వేలు ఎవరు పట్టుకున్నారో తేల్చడం కష్టం. పుష్కరాలు వచ్చినప్పుడల్లా ఊరు ముఖం కడుక్కుని బొట్టు పెట్టుకుంటుంది. రోడ్లు వెడల్పవుతాయి, రేవులకి కొత్త మెట్లు పడతాయి. 2015లో దీపాలు కూడా బాగా పెట్టారు. కానీ ఆ ఏడు జూలై 14న, మొదటిరోజు ఉదయం, పుష్కర ఘాట్ దగ్గర తొక్కిసలాటలో రెండు పదుల పైచిలుకు మంది చనిపోయారు. ఆ రేవు పేరు చెబితే మా వీధి ఆడవాళ్లకి ఇప్పటికీ ముందు జ్ఞాపకం వచ్చేవి దీపాలు కావు.

ఇక వంతెనలు. మా ఊరికి గుర్తులంటే అవే ముందు. నా చిన్నతనంలో ఉన్నది ఒక్కటే, 1900లో రైళ్లు మొదలైన హేవలాక్ వంతెన. 56 స్పానుల ఇనుప వంతెన, దాని మీద ఒకటే రైలుపట్టా. మా నాన్నగారు కొవ్వూరులో బడిపంతులు. పొద్దున్నే లాంచీలో వెళ్లేవారు, సాయంకాలం పాసింజరు బండిలో వచ్చేవారు. బండి కొవ్వూరు వైపు వంతెన ఎక్కగానే ఆ ఇనుము మోత మా వంటింట్లోకి వినబడేది. "బండి వంతెనెక్కిందర్రా!" అంటూ మా అమ్మ ఎసట్లో బియ్యం పోసేది. బండి గోదావరి దాటి, గోదావరి స్టేషన్లో ఆగి, నాన్నగారు సంచీ భుజాన వేసుకుని నడిచి వచ్చి కాళ్లు కడుక్కునేసరికి అన్నం ఉడికేది. మా ఇంట్లో గడియారం ఉండేది గాని, అది గోడకి అలంకారం.

1974లో రెండో వంతెన వచ్చింది. కింద రైళ్లు, పైన బస్సులూ లారీలూ. ఊరు ఊరంతా దాని మీద షికారు వెళ్లింది. మేమూ వెళ్లాం. వంతెన మధ్య నుంచుని మా నాన్నగారు, "ఇక వర్షాకాలంలో లాంచీ కోసం తడవక్కర్లేదు" అని సంతోషపడ్డారు. న్యాయమే మరి. అయితే రోజూ ఆయనకి నమస్కారం పెట్టే లాంచీ సరంగు ఒకాయన ఆ ఏడు తర్వాత రేవులో కనబడలేదు. భద్రాచలం వైపు లాంచీల్లో పనికి కుదిరాడని విన్నాం. వంతెన వస్తే ఊరికి లాభం. అందులో అనుమానం లేదు. ఆ లాభానికి ఖరీదు ఎవరో ఒకరి ఇంట్లోంచి వెళుతుంది. అది ఎవరి ఇంట్లోంచో శిలాఫలకాల మీద వెయ్యరు.

తర్వాత కాంక్రీటు కమానుల వంతెన కట్టారు. 1997లో హేవలాక్ వంతెనకి విశ్రాంతి ఇచ్చారు. 2015లో వాహనాల కోసం నాలుగోదీ వచ్చింది. ఇప్పుడు సూర్యాస్తమయం వేళ గట్టు మీద నుంచుంటే, బొమ్మల్లో అందరూ చూసే ఆ కమానులే ముందు కనబడతాయి. అందం దానిదే, కాదనను. పక్కన ముసలి వంతెన మాత్రం రైళ్లు లేకుండా ఊరికే నుంచుని ఉంది. దానిని విప్పి తుక్కు కింద అమ్మేయాలని కొన్నాళ్లు, నడకదారి చేసి యాత్రికులకి చూపించాలని కొన్నాళ్లు మాటలు నడిచాయి. చివరికి 2025 జూన్‌లో అఖండ గోదావరి అనే పేరుతో శంకుస్థాపన చేశారు. వంతెనని బాగుచేయడం అందులో ఒక భాగం. 1997 నుంచి 2025 అంటే 28 సంవత్సరాలు. మా వీధిలో పుట్టిన పిల్లకి పెళ్లయి, పిల్లలు పుట్టేంత కాలం.

"పాతవన్నీ దాచుకుంటూ కూర్చుంటే ఊరు ఎప్పుడు పెరుగుతుందండీ?" అని మీరు అడగవచ్చు. సబబైన ప్రశ్నే. ధవళేశ్వరంలో కాటను దొర 1847 నుంచి 1852 దాకా కట్టించిన ఆనకట్టనే తీసుకోండి. డెల్టాకి అన్నం పెట్టిన కట్టడమే గదా అని దాన్నే పట్టుకుని వేళ్లాడలేదు. దాని స్థానంలో బ్యారేజీ కట్టారు. 1982 నాటికి పూర్తయింది. నాలుగేళ్లు తిరిగేసరికి, 1986 ఆగస్టులో, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. లంకల్లో జనం గొడ్డూ గోదాతో మా ఊరి బడుల్లో తలదాచుకున్నారు. పాత ఆనకట్టే ఉంటే ఏమయ్యేదో అని పెద్దలు నెలల తరబడి చెప్పుకున్నారు. అంచేత పాతదల్లా పవిత్రం అనే పక్షం నాది కాదు.

మరి కొన్ని పాతవి ఎలా మిగిలాయి? వీరేశలింగంగారి టౌనుహాలు 1890 నాటిది. వాసురాయ గ్రంథాలయమని నాళం కృష్ణారావుగారు 1898లో మొదలుపెట్టినది గౌతమీ గ్రంథాలయమై ఇప్పటికీ పుస్తకాలు ఇస్తోంది. దామెర్ల రామారావుగారు 1925లో 27 ఏళ్లకే పోయినా, ఆయన బొమ్మలకి మా ఊళ్లో ఒక చిత్రశాల ఉంది. ఇవి గట్టి గోడల వల్ల మిగలలేదు. ప్రతిదాని వెనకా, తనకి రావలసినదేదో వదులుకున్న మనిషి ఒకడున్నాడు. వీరేశలింగంగారు తన ఆస్తినే హితకారిణీ సమాజానికి ధారపోశారు. కృష్ణారావుగారు గ్రంథాలయం తలపెట్టేనాటికి ఆయన నిండా ఇరవయ్యేళ్లు లేని కుర్రవాడు. ఆ వయస్సులో తక్కినవాళ్లకి వేరే సరదాలుంటాయి.

ఈ సంగతి నేను పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు. మా ఇంట్లోనే తెలిసింది.

మాది పెంకుటిల్లు. వీధి అరుగులు, వెనక పెరడు, పెరట్లో నుయ్యి. కుళాయిలు సరిగా లేని రోజుల్లో సగం వీధి మా నూతి నీళ్లే తాగింది. 1986 వరదలో మూడు రోజులు కుళాయి రాకపోతే వీధంతా బిందెలతో మా పెరట్లోనే ఉంది. అందుకని మమ్మల్ని ఇంటిపేరుతో పిలిచేవారు తక్కువ. "నూతివారు" అంటే చాలు. పెంకులు కారడం మొదలై, దూలాలకి చెద పట్టి, బాగుచేయించే ఓపిక తగ్గాక, 2022లో ఇల్లు బిల్డరుకి ఇవ్వాలనే మాట వచ్చింది. మా తమ్ముడికి కూతురి పెళ్లి ఉంది. మా అబ్బాయికి హైదరాబాదులో ఉద్యోగం. వాడు ఈ పెంకుల కింద కాపురం చేయబోడు. మా ఆవిడ మోకాళ్లు అరుగు మెట్లు ఎక్కనంటున్నాయి. అన్నీ న్యాయమైన కారణాలే.

మా అక్కయ్య ఖుర్దారోడ్డులో ఉంటుంది. బావగారు రైల్వేలో చేసి పోయారు. సంతకం కావాలి గనక వచ్చింది. కాగితాలన్నీ చదివించుకుని, కళ్లజోడు తీసి పక్కన పెట్టి అంది:

"ఒరేయ్, ఇల్లు నాన్న కట్టించారు. కొడుకులు మీరు, పడగొట్టుకుంటే పడగొట్టుకోండి. నుయ్యి మాత్రం అమ్మ తవ్వించింది, చేతి గాజులు అమ్మి. నువ్వప్పుడు కడుపులో ఉన్నావు. నాకు తొమ్మిదో ఏడు. కంసాలి ఆ గాజులు తూచడం నేను చూశాను. నా వాటా కూడా మీరిద్దరే తీసుకోండి. నుయ్యి పూడ్చకండి."

బిల్డరు ప్లాను పరిచి చూపించాడు. ఒక స్తంభం సరిగ్గా నూతి మీదే పడుతుంది. జరపాలంటే మళ్లీ ప్లాను గియ్యాలి, రెండు నెలలు ఆలస్యం, పైగా మా వాటాకి వచ్చే కారుచోట్లలో ఒకటి పోతుంది. "అక్కయ్య ప్రేమకి అడుగుకింత అని రేటు కట్టి చెప్పన్నయ్యా" అన్నాడు మా తమ్ముడు. వాణ్ణి తప్పుపట్టలేను, రెండు నెలలకి పెళ్లి అప్పు మీద వడ్డీ కట్టేది వాడు. "ఈ రోజుల్లో కారు పట్టే చోటంటే ఎన్ని లక్షలో తెలుసా నాన్నా?" అని ఫోనులో మా అబ్బాయి. మూడు రోజులు ఇంట్లో ఎవరూ సరిగా భోజనం చేయలేదు. నాలుగో రోజున మా ఆవిడ కూర కలుపుతూ, "కారే లేనివాళ్లం, కారుచోటు గురించి ఈ గొడవేమిటండీ?" అంది.

అంతే, తేలిపోయింది. పోయే చోటు నా వాటాలోంచే పోనిమ్మన్నాను. ఆ రెండు నెలల వడ్డీ కూడా నేనే భరిస్తానన్నాను. అక్కయ్య వాటా అక్కయ్యకే ఇచ్చాం. ముగ్గురం ఒక తల్లి బిడ్డలమే గదా. ఇల్లు పడింది, నాలుగంతస్తులు లేచాయి. నూతికి పైన ఇనుపజాలీ బిగించి, మేడ మీద వాననీళ్లన్నీ గొట్టం వేసి అందులోకి వదిలారు. మా అబ్బాయి పండగకి వచ్చినప్పుడల్లా కారు వీధిలో పెట్టి, "నూతికి పార్కింగు ఇచ్చిన కుటుంబం దేశంలో మనదొక్కటే" అంటాడు. నవ్వుతూనే అంటాడు గాని, ఎండకి కారు రంగు పోతోందని వాడి బాధ వాడికుంది. గృహప్రవేశానికి అక్కయ్య వచ్చింది. జాలీ మీద చేయి ఆనించి, వంగి చూసి, "నీళ్లున్నాయిరా" అంది. మరేమీ అనలేదు.

అపార్టుమెంటుకి ఏదో ఇంగ్లీషు పేరు పెట్టారు, గేటు మీద ఇత్తడి అక్షరాలతో. కూరలబండి అతనికి ఆ పేరుతో పనిలేదు. "నూతివారి గేటు" అనే అంటాడు.

అందుకని, ముసలి వంతెన గురించి సభలు పెట్టి మాట్లాడేవారిని చూసినప్పుడు నాకు ఒకటే అనిపిస్తుంది. "మన వారసత్వం" అని చప్పట్లు కొట్టడానికి ఖర్చు లేదు. తుప్పు గోకడానికీ రంగు వేయడానికీ ఏటేటా డబ్బు కావాలి. ఆ డబ్బు మరేదో రోడ్డుదో, మరేదో కాలవదో అయి ఉంటుంది. అది వదులుకోవడానికి మేము సిద్ధమా అని మమ్మల్ని మేము అడుక్కోవాలి. సిద్ధమైతే వంతెన ఉంటుంది. కాకపోతే దాన్ని గౌరవంగా విప్పేసి, ఆ చోటు పేరు మాత్రం మిగుల్చుకుందాం. పేర్లు మిగుల్చుకోవడంలో మా ఊరివాళ్లకి మంచి అనుభవం ఉంది.

2027లో మళ్లీ పుష్కరాలు. నాకు ఆరోవి. అప్పటికి ఆ వంతెన మీద నడవనిస్తే, ఈసారి మనవడి వేలు నేనే పట్టుకుంటాను. మధ్య దాకా వెళ్లి, వాళ్ల ముత్తమ్మ ఏ మోత విని బియ్యం పోసేదో వాడికి చెప్పాలని ఉంది.