షూనేమీయురాలు ఆగలేదు



జవహర్‌నగర్‌లో చలికాలం గృహ కూడికలకు వెళ్తే, ముక్కు కారుతున్న పిల్లవాడు ఒక్కడైనా ఎదురవుతాడు. “అయ్యగారూ, తలనొప్పి అంటున్నాడు, ప్రార్థన చేయండి” అంటుంది తల్లి. చేస్తాము. ఆ తర్వాత జ్వరం, వాంతులు ఉన్నాయా అని కూడా అడుగుతాము.

మన ముఖపు ఎముకల్లో ముక్కుకు కలిసిన గాలి గదులున్నాయి. వాటినే సైనస్ అంటారు. జలుబు చేస్తే వాటి దారులు వాచి మూసుకుపోతాయి, లోపల చీము చేరవచ్చు. చాలామంది పిల్లలకు అది తగ్గిపోతుంది, భయపెట్టడానికి రాయడం లేదు. అయితే నొసటి గదికీ మెదడుకూ మధ్య ఉన్నది పలుచని ఎముకే. అక్కడి సిరలకు కవాటాలు లేవు గనుక క్రిములు వాటి గుండా లోపలికి పోగలవు. అరుదుగానైనా మెదడు పొరల దగ్గర, మెదడులోనూ చీముగడ్డ కడుతుంది. ఈ నొసటి గది పుట్టిన బిడ్డకు ఉండదు. ఆరేడేళ్ల నుంచి పెరుగుతుంది. అందుకే పదేళ్లు దాటిన పిల్లలకు, అందులోనూ మగపిల్లలకు ఈ ఆపద ఎక్కువ. “పెద్దోడయ్యాడు, ఓర్చుకుంటాడులే” అని మనం వదిలేసే వయసు అదే!

రెండవ రాజులు 4వ అధ్యాయంలో ఒక పిల్లవాడు పొలంలో తలనొప్పి అని తండ్రితో మొరపెట్టుకున్నాడు. మధ్యాహ్నానికి తల్లి ఒడిలో చనిపోయాడు. వడదెబ్బ అని కొందరు బోధిస్తారు గాని జబ్బు పేరు వాక్యంలో లేదు. మేము చూసేది ఆ తల్లిని. అమావాస్య కాదు, విశ్రాంతిదినం కాదు, ఈరోజెందుకు వెళ్తావని భర్త అడిగినా ఆగలేదు. గాడిదకు గంత కట్టించి, తాను చెప్పేదాకా వేగం తగ్గించవద్దని పనివాడితో చెప్పింది.

“ఆమె వెళ్లింది ప్రవక్త దగ్గరికి కదా, ఆసుపత్రికి కాదు” అనవచ్చు. నిజమే. అదే గ్రంథం 20వ అధ్యాయంలో హిజ్కియా పుండుకు అంజూరపు పండ్ల ముద్ద కట్టమన్నది కూడా ప్రవక్తే.

జలుబుతో ఉన్న బిడ్డకు బామ్‌కు లొంగని తలనొప్పి, తగ్గి మళ్లీ వచ్చిన జ్వరం, వాంతులు, కంటి చుట్టూ గాని నొసటి మీద గాని వాపు, మెడ బిగుసుకోవడం, మగత కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకండి. ఫిట్స్ వస్తే దయ్యమని తీర్మానించకండి. 108కి ఫోన్ చేయండి. నీలోఫర్ ఉంది, గాంధీ ఉంది. అక్కడ స్కాన్ తీస్తారు, వారాల తరబడి నరానికి మందు ఎక్కించవలసి రావచ్చు, ఒక్కోసారి ఆపరేషన్ చేసి చీము తీస్తారు. మెడికల్ షాపు బిళ్లలు రెండు రోజులు వేసి ఊరుకునే జబ్బు కాదిది.

శుక్రవారం ఉపవాస ప్రార్థన దాకా ఆపవద్దు. దారిలో మాకు ఫోన్ చేయండి, ఏ రాత్రయినా సరే. ఆసుపత్రి వరండాలోనే మోకరిస్తాము.