ఉక్కునగర సందర్శనము

యాత్ర యనగా మనకు కాశీ, రామేశ్వరములే స్ఫురించును. మొన్నటి సెలవులలో మావారితో గూడి నేను చేసిన యాత్రలో గోపురములు లేవు, పొగగొట్టములు గలవు.

దువ్వాడ స్టేషనులో రైలు దిగి, విశాఖ ఉక్కు కర్మాగారమువారి ఉక్కునగరములో మా పెత్తల్లి కుమారుని యింట బసచేసితిమి. అన్నయ్య అచ్చట నుద్యోగి. మరునాడు అనుమతి చీట్లు సంపాదించి మమ్ములను లోనికి గొనిపోయెను.

అచ్చట మూడు మహాకొలుములు గలవు. వాని పేళ్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ! బైలదిల్లా కొండల యినుపరాతిని, కోకుబొగ్గును, సున్నపురాతిని పైనుండి వేయుదురు. క్రిందినుండి వేడిగాలి నూదుదురు. కరగిన యినుము కాలువగా ప్రవహించుచుండ చూడలేక నేను కన్నులు మూసికొంటిని. ఒకమారు రగిల్చిన కొలిమిని ఏండ్లతరబడి ఆర్పరట. పండుగనాడును పొయ్యికి విరామము లేదన్నమాట. ఆ కష్టము మనకు తెలియనిదా!

ఈ కర్మాగారమునకై 1966లో జరిగిన యుద్యమమున 32 మంది ప్రాణములు గోల్పోయిరి. 1971లో ఇందిరాగాంధీగారు శంకుస్థాపన చేసిరి, 1992లో పి.వి. నరసింహారావుగారు జాతి కంకితము గావించిరి. నాడు ఏటికి 30 లక్షల టన్నుల యుక్కు దీని శక్తి. 2006లో మన్మోహన్ సింగుగారు 63 లక్షల టన్నులకు విస్తరణ నారంభించిరి. తరువాత నది 73 లక్షలకు పెరిగినది. అన్నపూర్ణ ఈ విస్తరణలోనిదే.

ఉక్కు రెట్టింపైనచో ఉద్యోగములును రెట్టింపగునని నేననుకొంటిని. అన్నయ్య నవ్వి, "క్రొత్త యంత్రములు కొద్దిమందితోనే పని గడుపును చెల్లీ. పెరిగిన పనిలో చాలభాగము గుత్తేదారుల కూలీలదే" యనెను.

సాయంకాలము పాలుపోయ వచ్చిన ముసలమ్మతో మాటాడితిని. కర్మాగారమునకై భూములు పోయిన గ్రామములలో ఆమెది యొకటి. పెద్దకొడుకు కిచ్చట నుద్యోగము దొరికినది, విరమణయు నైనది. చిన్నవాడు గుత్తేదారు క్రింద కూలి. "పొలమైతే నలుగురికీ పంచుకుంటాం. ఉద్యోగాన్నెలా పంచుతామమ్మా?" యని యామె యడిగెను. నాకు బదులు తోచలేదు.

మావారు బడిపంతులని విని, ఐ.టి.ఐ. చదివిన తన మనుమని వెంటబెట్టుకొని యామె రాత్రి మరల వచ్చినది. శిక్షణకు దరఖాస్తు వ్రాయవలెనట. మావారు దీపము దగ్గరకు జరిపి కూర్చుండిరి. అబ్బాయి చేతివ్రాత చక్కనిది. పుట్టిన గ్రామమను గడి వచ్చుసరికి వాడు కలమెత్తి నాయనమ్మ వంక జూచెను. ఆమె పోయిన యూరి పేరే చెప్పినది.