సాలిహుండం కొండమీద సాయంకాలం

బాలలూ! శ్రీకాకుళం జిల్లాలో సూర్యదర్శనమంటే అందరికీ ముందుగా అరసవల్లి జ్ఞాపకం వస్తుంది. మార్చి, అక్టోబరు నెలల్లో కొద్దిరోజులు అక్కడ ఉదయకిరణాలు స్వామి పాదాలను తాకుతాయి. వేలమంది చూచి వస్తారు. మరి అస్తమించే సూర్యుడి మాటో? రండి, ఈవేళ మనం సాలిహుండం కొండకు నడిచిపోదాము.

ఒడిశా కొండల్లో పుట్టిన వంశధార కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. అక్కడికి కొంచెం ఎగువను, నదికి దక్షిణపు గట్టున వున్నది ఈ కొండ. సుమారు 2,000 సంవత్సరాలనాడు ఇక్కడ బౌద్ధభిక్షువులు నివసించారు. వారు కట్టిన ఇటుక స్తూపాలను నేటికీ చూడవచ్చును. తొందరపడక నెమ్మదిగా ఎక్కండి. పరీక్షలూ, మార్కులూ కొండ దిగువనే వదిలి రండి; వాటినెవరూ ఎత్తుకుపోరులెండి!

పైకి వచ్చారు కదూ? దిగువను వంశధార, ఇసుకతిన్నెలు, పంటపొలాలు. తూర్పున దూరంగా సముద్రం. పుస్తకంలోని చిన్న అక్షరాలు చదివేటప్పుడు కంటిలోని కండరం ఒకటి బిగిసి వుంటుంది. దూరాన వున్నవి చూచినప్పుడు అది సడలుతుంది. అందుకే ఇక్కడ కళ్ళకు అంత హాయి.

మన తీరంలో సూర్యుడు సముద్రంలోంచి లేచి, నేలమీద అస్తమిస్తాడు. అదిగో, పడమటి దిక్కున ఎర్రబడ్డాడు. వాలిన సూర్యుడి వెలుగు చాలా ఎక్కువ గాలిని దాటి రావాలి. దారిలో నీలపు వెలుగు చెదిరిపోతుంది. ఎరుపు మిగిలి మనకు చేరుతుంది.

సూర్యుడు దిగిపోగానే అందరూ ఇంటిదారి పడతారు. మీరు మాత్రం ఒక్కసారి వెనుదిరిగి తూర్పు చూడండి. ఆకాశం నిర్మలంగా వుంటే, సముద్రంమీద బూడిద కలిసిన నీలపు పట్టీ ఒకటి కనిపిస్తుంది. దానిపైన గులాబిరంగు పట్టీ. చూస్తూండగానే నీలపు పట్టీ పైకి లేస్తుంది. అదేమిటో తెలుసా? మన భూమి నీడ! సూర్యుడు దిగినకొద్దీ భూమి నీడ ఎదుటి ఆకాశంలోని గాలిమీద పైపైకి పాకుతుంది. చంద్రగ్రహణంనాడు చంద్రుణ్ణి కప్పేది కూడా ఈ నీడే. నీడ ఇంకా అందని గాలిమీద ఎర్రని వెలుగు పడి, ఆ గులాబిరంగు వస్తుంది.

ఈ సంగతి నాకు ఎలా తెలిసిందో చెబుతాను. నేను ప్రధానోపాధ్యాయుడుగా వున్న రోజుల్లో పరీక్షలముందు దీపాలవేళదాకా లెక్కలు చెప్పేవాణ్ణి. ఒక కుర్రవాడు ఎప్పుడూ తూర్పు కిటికీలోంచి బయటికే చూచేవాడు. రెండుసార్లు మందలించి, మూడోనాడు కిటికీ మూసేశాను. చాలా ఏళ్ళకు అతను పెద్దవాడై కనిపించాడు. "కిటికీలోంచి ఏం చూచేవాడివోయ్?" అని నవ్వుతూ అడిగాను.

"సాయంత్రంపూట తూరుపున నీలంగా లేచేది ఏటో మిమ్మల్ని అడుగుదామనుకునేవాణ్ణి, మాస్టారూ. మీరు కిటికీ మూసీసారు" అన్నాడు.

నా నవ్వు ఆగిపోయింది. ముప్ఫైయేళ్ళకు పైగా పాఠాలు చెప్పిన నేను ఆ పట్టీని ఒక్కనాడూ చూడలేదు! ఆ సాయంకాలమే బయలుదేరి వెళ్ళి చూచాను. పుస్తకాలు వెతికి జవాబు తెలుసుకొని, అతనికి ఉత్తరం వ్రాశాను. అప్పటినుంచీ సాయంకాలపు నడక మానలేదు.

కొండ లేని వూళ్ళో ఏం చేయాలంటారా? విజయనగరంవారికి పెద్దచెరువు గట్టు వున్నది. శ్రీకాకుళంవారికి నాగావళి ఒడ్డు వున్నది. ఏమీ లేకపోతే మేడమీది డాబా చాలును. సూర్యుడు ఎర్రబడకముందు అతనివంక తేరిపార చూడకండి. చీకటి ముదరకముందే ఇల్లు చేరండి. అమ్మనూ నాన్ననూ కూడా వెంటబెట్టుకు వెళ్ళండి. పాపం, వారికీ పగలంతా పనే కదా!

పెద్దలకు ఒక్క మనవి. బిడ్డ కిటికీలోంచి బయటికి చూస్తూంటే, తలుపు మూసేముందు ఏం చూస్తున్నాడో ఒక్కమాట అడగండి.