జానెడు గిటారు

పుట్టపర్తికి మొదటిసారి వచ్చేవారు చిత్రావతి గట్టుకు రాగానే బస్సు కిటికీలోంచి తల బయట పెట్టి నీళ్ల కోసం చూస్తారు. ఎక్కువసార్లు కనిపించేది ఇసుకే. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే నేల ఇది. 2022లో శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడి, పుట్టపర్తి జిల్లా కేంద్రమైంది. కలెక్టరు కచేరీ వచ్చింది గాని వాన మాత్రం పాత లెక్క ప్రకారమే వస్తోంది.

ఆశ్రమం వల్ల ఈ ఊరికి దేశదేశాల మనుషులు వస్తారు. 2000లో ఇక్కడ సంగీత కళాశాల కూడా మొదలైంది. అందుచేత మా చుట్టుపక్కల పల్లెల పిల్లలకు వీణ, సితారు, వయొలిను వంటి పేర్లు కొత్త కావు. భుజానికి గిటారు తగిలించుకొని నడిచే తెల్లవాళ్లను చూస్తూ పెరిగినవాళ్లే వీళ్లంతా. మా సంఘంలో గిటారు నేర్చుకోవాలని ఒక కుర్రవాడికి ఆశ పుట్టింది కూడా అలాగే. ఈ వ్యాసంలో అతని సంగతి కొంత, ఒక మల్బరీ మోడు సంగతి కొంత చెబుతాను.

ముందుగా నా తప్పు ఒప్పుకోవాలి. సంఘంలో చందాలు వేసి కొన్న గిటారును ఒక మే నెలలో నేను జీపులో పెట్టి, తలుపులు బిగించి, ఎండలో వదిలి ఒక ఇంట్లో భోజనానికి కూర్చున్నాను. తిరిగి వచ్చేసరికి జిగురు మెత్తబడి, తీగలు కట్టే కొయ్యపట్టీ పైచెక్క నుండి లేచిపోయి వేలాడుతోంది. ఆ కుర్రవాడు ఒక్క మాటా అనలేదు. నా ముఖం, గిటారు ముఖం మార్చి మార్చి చూశాడు. బాగుచేసేవారు దగ్గరలో లేక నేనే పూనుకొని, రంధ్రంలోంచి టార్చిలైటు వేసి లోపలికి చూశాను. పైచెక్క అడుగున సన్నని కర్రలు వరుసగా అంటించి ఉన్నాయి. అంత పలుచని చెక్క అన్ని తీగల లాగుడును ఎలా ఓర్చుకుంటుందో ఆ రోజు అర్థమైంది. పట్టీ అంటించడం రెండు రోజుల పని. లోపల చూసినదాన్ని మరిచిపోవడం మాత్రం నా వల్ల కాలేదు. అప్పటినుండి ఖాళీ దొరికినప్పుడల్లా చిన్న చిన్న గిటార్లు చేస్తున్నాను.

ఇవి గోడకు తగిలించే అట్టబొమ్మలు కావు. అసలు గిటారు కొలతలన్నిటినీ 5తో భాగించి చేస్తాను. గిటారులో తీగ మోగే పొడవు సాధారణంగా 650 మి.మీ. నాది 130 మి.మీ. మొత్తం మీద జానెడు ఉంటుంది. మెట్లు వేసే లెక్క విచిత్రమైనది. తీగ పొడవును 17.817తో భాగిస్తే మొదటి మెట్టు దూరం వస్తుంది. మిగిలిన పొడవును మళ్లీ అంతతోనే భాగిస్తే రెండోది. నా గిటారులో మొదటి మెట్టు 7.3 మి.మీ., రెండోది 6.9 మి.మీ., ఇలా తగ్గుతూ పోయి పన్నెండో మెట్టు సరిగ్గా సగంలో, 65 మి.మీ. దగ్గర పడుతుంది. పాత పనివారు 18తోనే భాగించి పని జరుపుకునేవారట. మెట్లకు నేను గుండుసూదులు కత్తిరించి వాడతాను. పక్కచెక్కలను వేడినీళ్లలో నానబెట్టి, కాల్చిన ఇనుప గొట్టం మీద మెల్లగా వంచుతాను. జిగురు ఆరేదాకా బట్టలారేసే క్లిప్పులు పెడతాను. ఆ సంగతి మా ఇంటావిడకు ఇష్టం లేదు. గాలి వీచే రోజే నేను క్లిప్పులు ఎత్తుకుపోతానని ఆమె ఫిర్యాదు.

అన్నిటికంటే పెద్ద చిక్కు చెక్క గీతతో వస్తుంది. కొలతలన్నీ తగ్గించవచ్చు. చెట్టు తనలో వేసుకున్న గీతలను మనం తగ్గించలేము. టేకు ముక్కతో చేస్తే ఆ లావు గీతలు చూడగానే ఇది బొమ్మ అని కన్ను పట్టేస్తుంది. అందుకని గీత దగ్గరదగ్గరగా ఉన్న ముక్క కోసం వెదకాలి. పైచెక్కకు యంత్రాల ప్యాకింగు పెట్టెల పైన్ చెక్క వాడతాను. పది పలకలు తిరగేస్తే ఒకటి పనికి వస్తుంది. దాన్ని ఉప్పు కాగితంతో అర మిల్లీమీటరు మందానికి రుద్దాలి. దీపం ముందు పట్టుకుంటే వెలుగు ఇవతలికి కనబడుతుంది.

ఈ రోజు మనం చూసే గిటారుకు ఈ రూపం ఇచ్చినవాడు ఆంతోనియో దె టోర్రెస్ అనే స్పెయిన్ దేశపు వడ్రంగి. 1817లో అల్మెరియా పట్టణం దగ్గర పుట్టాడు. ఐరోపాలో వానలు అతి తక్కువ పడే ప్రాంతం అదే. ఆ సంగతి తెలిసినప్పుడు, వీడు మన అనంతపురం వాడే అనుకున్నాను. అంత పనివాడూ గిటార్లతో బతకలేక కొన్నేళ్లు ఆ పని మాని పింగాణీ గిన్నెల అంగడి పెట్టుకున్నాడు. 1892లో చనిపోయాడు. పైచెక్క అడుగున ఏడు సన్నని కర్రలను విసనకర్ర ఈనెల్లా పరచడం అతని పద్ధతి. 1862లో ఒక గిటారుకు వెనుక భాగాన్ని, పక్కలను కాగితపు గుజ్జుతో చేశాడు. స్వరమంతా పైచెక్కలోనే ఉందని చూపించడానికే ఆ పని చేశాడంటారు. ఆ గిటారు ఇప్పటికీ బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఉంది.

మన తెలుగునాట ఇటువంటి పనికి పేరున్న ఊరు బొబ్బిలి. విజయనగరంలో సేవకుల కూడిక ఉంటే వెళ్లాను. బెంగుళూరు నుండి భువనేశ్వర్ వెళ్లే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ పుట్టపర్తి దగ్గరి ప్రశాంతి నిలయం స్టేషనులో ఆగుతుంది. అక్కడ ఎక్కితే మర్నాటికి విజయనగరంలో దిగవచ్చు. వేరుశనగ చేలు దాటి, నంద్యాల దాటి, గోదావరి దాటి పోయేసరికి కిటికీ బయట రంగే మారిపోతుంది. కూడిక ముగిశాక రాయగడ వైపు పోయే బండిలో బొబ్బిలి చేరి, పక్కనే ఉన్న గొల్లపల్లికి వెళ్లాను.

అక్కడ వీణలు చేసేది సర్వసిద్ధి వంశస్థులు. పనస దుంగను తొలిచి, కుండ, దండి అన్నీ ఒకే కొయ్యలో వచ్చేలా చెక్కుతారు. దాన్ని ఏకాండి వీణ అంటారు. ఇరవైనాలుగు మెట్లు మైనంలో కూర్చి, చెవితో విని సరిచేస్తారు. 2011లో బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయితే నన్ను ఆ ఊరికి రప్పించినది అక్కడి చిన్న వీణలు. సభలలో అతిథులకు శాలువాతో పాటు ఇస్తారే, గాజుపెట్టెలో పెట్టినవి, అవే. ప్రభుత్వం వారి లేపాక్షి దుకాణాలలో అమ్ముతారు. (లేపాక్షి మా జిల్లాదే. అక్కడి నాట్యమండపంలో తుంబురుడు రాతివీణ పట్టుకొని నిలుచున్నాడు. దుకాణానికి పేరు మాది, వీణ వాళ్లది.) పెద్ద వీణకు చాలని ముక్క చిన్న వీణకు చాలుతుంది. వీణ వాయించేవారు ఎందరుంటారు? బహుమతి కొనేవారు ఎక్కువ. పెద్ద వీణ పని నిలవడానికి పలకని చిన్న వీణే అన్నం పెడుతోందని అక్కడ నిలబడి చూస్తే తెలిసింది. నాకది కొంచెం బాధగానూ, కొంచెం ధైర్యంగానూ తోచింది.

పనస చెక్క తాజాగా కోస్తే పసుపుపచ్చగా ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ గోధుమరంగు తిరుగుతుంది. ఆ పసుపు నాకు ఎక్కడో చూసినట్టు అనిపించి, బండిలో తిరిగి వస్తూ ధర్మవరం దాటాక గుర్తుకు వచ్చింది. మా మల్బరీ! పనస, మల్బరీ ఒకే కుటుంబపు చెట్లు. మర్రి, రావి, మేడి కూడా అందులోవే. కొమ్మ విరిస్తే పాలు కారడం వాటి ఇంటిగుర్తు. ఇరాన్ దేశంలో తార్ అనే వాయిద్యపు కుండను మల్బరీ చెక్కతోనే తొలుస్తారు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో పట్టుపురుగుల కోసం ఎన్ని తోటలున్నా, ఆ మోడును మేము పొయ్యికట్టెగా తప్ప చూడలేదు.

ఇంటికి వచ్చిన వారానికే మా సంఘంలోని ఒక అన్న పొలానికి వెళ్లాను. గిటారు నేర్చుకున్న కుర్రవాడి తండ్రి ఆయన. ఇరవై ఏళ్లుగా పెంచిన మల్బరీ తోట వేళ్లతో సహా పెకలించి గట్టు మీద కుప్ప వేసి ఉంది.

“బోరు ఎండిపాయ అయ్యగారూ. ఇంకోటి వేపిచ్చే శక్తి లేదు. చెట్లు పీకిచ్చేసినాం. కట్టెలు కావాల్నంటే తీసకపోండి” అన్నాడు.

మోకాలు ముడుచుకొని గట్టున కూర్చున్న అక్కయ్య తల ఎత్తలేదు. నేను ప్రార్థన చేశాను. తరువాత సిగ్గుపడుతూనే ఒక మోడు అడిగి తెచ్చుకున్నాను. ముంజేతి లావు ఉంది. నెల తిరగకముందే ఆ కుటుంబం బెంగుళూరు వెళ్లిపోయింది. కుర్రవాడు కూడా వాళ్లతోనే. ఆ ఆదివారం నుండి మా ఆరాధనలో గిటారు గోడకే ఉంది.

మోడును ఏడాదిపాటు నీడలో ఆరనిచ్చాను. తరువాత నిలువుగా చీల్చి, రెండు పలకలను పుస్తకంలా తెరిచి అంటించాను. అసలు గిటార్ల వెనుక భాగం చేసే పద్ధతీ ఇదే, కాబట్టి ముంజేతి లావు మోడు చాలింది. లోపల టోర్రెస్ పద్ధతిలో ఏడు పుల్లలు పెట్టాను. తీగలకు ధర్మవరం పట్టుపోగులు వాడాను. 1940లలో నైలాను రాకముందు గిటారు సన్నతీగలు పేగుతో చేసేవారు, లావుతీగలకు పట్టుపోగుల మీద లోహపు తీగ చుట్టేవారు. జరీ అంటే అదే కదా, పట్టు మీద చుట్టిన వెండితీగ. కనుక మూడు పట్టువి, మూడు జరీవి. కొయ్య, తీగ రెండూ ఒక్క ఆకు నుండే వచ్చినట్టు అయింది. ఆదికాండములో సితారా వాయించేవారికి మూలపురుషుడైన యూబాలు, ఇనుప పనిముట్లు చేసిన తూబల్కయీను ఒక్క తండ్రి బిడ్డలని చదువుతాము. ఆ సంబంధం నాకు ఈ పనిలో తెలిసింది.

అసలు గిటారు లోపల, రంధ్రంలోంచి కనబడేటట్టు, చేసినవాడి పేరు రాసిన చీటీ అంటిస్తారు. నేను నా పేరు రాయలేదు. ఆ చేను సర్వే నంబరు రాశాను.

కిందటి డిసెంబరులో బెంగుళూరు వెళ్లినప్పుడు వాళ్లుండే రేకుల షెడ్డు వెదుక్కుంటూ వెళ్లాను. కట్టుబడి జరుగుతున్న పెద్ద భవనం పక్కన ఉంది. అన్న ఆ గిటారును అరచేతిలో పెట్టుకొని, రంధ్రం దగ్గర కన్ను పెట్టి, చీటీ చదివాడు. అంకెలు ఒక్కొక్కటే పలికాడు. భార్యను పిలిచి, “మన చేను” అన్నాడు. అక్కయ్య చెయ్యి తుడుచుకొని వచ్చి చెక్కను ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసింది.

పొద్దుగూకాక పనినుండి కుర్రవాడు వచ్చాడు. సిమెంటు అంటిన వేళ్లతోనే అందుకున్నాడు. చెవి దగ్గర పెట్టుకొని గోటితో తీగ మీటాడు. దోమ రొదలాంటి సన్నని చప్పుడు. తీగ పొడవు సగమైతే స్వరం రెట్టింపు ఎత్తుకు పోతుంది. అయిదో వంతైతే ఇక అంతే.

“శృతి చేసినారా అయ్యగారూ?” అని అడిగాడు.

జవాబు చెప్పేలోగా బిరడా పట్టుకొని తిప్పబోయాడు. అది తిరగలేదు. తిరగదు. గుండుసూది తలలను జిగురుతో అంటించాను, చూడడానికి బిరడాల్లా ఉంటే చాలుననుకొని. కంటికి కనబడని ఏడు పుల్లలను లెక్కతప్పకుండా పెట్టినవాణ్ణి, వాయించేవాడు మొదట చెయ్యి వేసేచోట మోసం చేశాను. అతడు ఏమీ అనలేదు. జీపు దగ్గర చూసినట్టే చూసి, మెల్లగా నవ్వాడు.

మోడులో సగం ఇంకా మా వరండాలో ఉంది. ఇప్పుడు రెండోది చేస్తున్నాను. ఆరు బిరడాలకూ రంధ్రాలు వేసి, సైకిలు పుల్లను అరగదీసి తిరిగేటట్టు కూర్చాలి. ఇంతవరకు నాలుగు విరిగాయి, రెండు తిరుగుతున్నాయి. సంక్రాంతికి వస్తామని వాళ్లు ఫోనులో చెప్పారు.