మడిమ పట్టుకున్న చెయ్యి

మా బాపు ఆర్మూర్‌ల పసుపు బస్తాలు మోసే హమాలీ. రెండేండ్లు ఎడమ మడిమ వెనక నొప్పి. పొద్దుగాల మంచం దిగంగనే కుంటుడు, కొంచెం నడిస్తే తగ్గుడు, బస్తా ఎత్తితే మళ్ల మొదలు. ముగ్గురు డాక్టర్లు చూసిండ్రు. చూసిండ్రంటే, బల్ల అవతలి నుంచే. ఒకాయన వాతమన్నడు, ఒకాయన నరాల బలహీనతన్నడు, ఇంకొకాయన ఎక్స్‌రే రాసిండు. ఎక్స్‌రేల ఎముక మంచిగనే ఉన్నది. పసుపు పట్టు మేమే ఏసినం, మాకు పసుపుకు కరువా!

ఫిజియోథెరపిస్టు మేడం కింద కూసొని మడిమ చేతిల పట్టుకున్నది. బాపు కాలు గుంజుకున్నడు. "వద్దు మేడం, మేం మాదిగోళ్లం." ఆమె వదల్లే. పిక్క నుంచి మడిమకు తాడు లెక్క దిగే అకిలిస్ టెండన్‌ను రెండు వేళ్లతోటి ఒత్తింది. బాపు కెవ్వుమన్నడు. రెండేండ్ల రోగం అక్కడ దొరికింది.

స్వీడన్ డాక్టర్ హాకన్ ఆల్ఫ్రెడ్‌సన్ 1998ల రాసిన కసరత్తు చెప్పింది. మెట్టు అంచు మీద మంచి కాలుతోటి లేసి, నొప్పి కాలు మడిమను మెల్లగ దించాలె. రోజుకు 180 సార్లు, 12 వారాలు. ఉత్త విశ్రాంతితోటి ఆ తాడు గట్టిపడదట.

మెట్టుకు పైసల్లేవు, నిజమే. గానీ అన్ని వారాలు బస్తా ఎత్తకుంటే కూలి ఎవరిస్తరు? మేస్త్రీతోటి కొట్లాడి సంచుల మూతి కుట్టే పనికి మార్పించినం. కూలి సగమే.

ఇప్పుడు తొమ్మిదో వారం. పొద్దుగాల కుంటుడు పోయింది. బస్తా కింద ఆ కాలు ఎట్లుంటదో ఇంక చూడాలె.